రెండు టాలీలు

మా నాన్న సుందర్ రాజ్ పోర్టులో టాలీ క్లర్కు. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే ఓడ తరఫున ఒకరు, పోర్టు తరఫున ఒకరు ఎవరికి వారే లెక్కపెడతారు. షిఫ్టు అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు, కలిస్తేనే సంతకం. ఈ జబ్బు మా ఇంటిదాకా పాకింది. పెళ్లి సంబంధమైనా పంటినొప్పి మందైనా ఒకరికి తెలియకుండా ఇంకొకరిని అడిగితే గానీ నాన్నకు నిద్ర పట్టేది కాదు.

ఎనభై నాలుగులో నాకు ఎంట్రన్సులో ర్యాంకు రాలేదు. వచ్చిందల్లా కర్ణాటకలోని ఓ ప్రైవేటు కాలేజీ ప్రాస్పెక్టస్. మెకానికల్ ఇంజినీరింగ్, ఆడపిల్లలకూ సీట్లున్నాయి. జ్ఞానాపురంలో మా వీధి వీధంతా నవ్వింది, దేవకుమారి రెంచీ పట్టుకుంటుందట అని. నవ్వినకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. నాకు మొండితనం ఉగ్గుపాలతోనే పోశారని అమ్మ ఇప్పటికీ అంటుంది.

చిక్కల్లా ఒకటే. సీటు కావాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. ఒకసారి పంపితే తిరిగి ఇవ్వరు. ఇక్కడ డిగ్రీ కాలేజీ వాళ్లు కూడా సోమవారానికల్లా ఆ కాగితాలే తెమ్మన్నారు. ఏదో ఒకటే. వెళ్లి చూసొద్దామంటే రానూపోనూ నాలుగు రోజులు. ఎరువుల ఓడలు బారులు తీరి ఉన్నాయని నాన్నకు సెలవు ఇవ్వలేదు. నన్ను ఒంటరిగా పంపడానికి అమ్మ ససేమిరా అంది.

అందుకని నాన్న తనకు తెలిసిన పనే చేశాడు. మా పాస్టరు గారి ద్వారా ఆ ఊరి పాస్టరుకు ఒక ఉత్తరం, తోటి క్లర్కు శ్రీరామ్మూర్తి బావమరిది అక్కడి బ్యాంకులో ఉంటే అతనికి ఇంకొకటి. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. రెంటిలోనూ అవే ఏడు ప్రశ్నలు, నేనే రాశాను. మొదటిది, కిందటేడు ఎంతమంది పాసయ్యారు, ఎక్కడ పనిచేస్తున్నారు అని. తర్వాత లైబ్రరీ, హాస్టల్ నీళ్లు, లేత్ మిషన్లు, ఇంకా అలాంటివి.

జవాబులు శనివారం ఒకే టపాలో వచ్చాయి. పద్నాలుగు లేత్‌లు, నాలుగు మిల్లింగ్ మిషన్లు, ఎండిపోని బావి. ఇద్దరిదీ అదే లెక్క. నాన్న ముఖం వెలిగిపోయింది. ఆ రోజు దాటితే గడువులోగా అందదు కనుక కాగితాలన్నీ కవరులో పెట్టి నన్ను హెడ్డు పోస్టాఫీసుకు తీసుకెళ్లాడు.

వరుసలో నిలబడి ఉత్తరాలు మళ్లీ చదివాను. ఇద్దరూ లేత్‌లతో మొదలుపెట్టారు. తర్వాత మిల్లింగ్, తర్వాత బావి, చివర లైబ్రరీ. నేనడిగిన వరుస అది కాదు. నా మొదటి ప్రశ్నకు ఇద్దరూ జవాబే ఇవ్వలేదు. ఇది పైకి చెప్తే నా సీటు పోతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. మా ముందు ఇంకా ముగ్గురున్నారు. ఇద్దరయ్యే దాకా నోరు మెదపలేదు.

"నాన్నా, ఈలిద్దరూ వెళ్లి సూడలేదు. కాలేజీ ఆఫీసోల్లు ఇచ్చిన ఒకే కాయితం సూసి రాసీసినారు."

నాన్న ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి వేలితో వరుస వరుసా చూశాడు. వేలు ఆగిపోయింది.

"నానూ ఓపాలి అలాగే సేసినాను. వాన పడతంటే షెడ్డులో కూకుని ఓడోడి కాయితం సూసి ఎక్కించీసినాను. టాలీలు ముత్యాల్లా కలిసినాయి. గోదాంలో లెక్కెడితే నలభై బస్తాలు తక్కువొచ్చినాయి," అన్నాడు నా వైపు చూడకుండా.

మా నాన్న తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. నాకు జాలి వేయలేదు, భయం వేసింది.

కవరు కౌంటరు గుమాస్తా దగ్గర తూకానికి పెట్టి, నాన్న పక్క కిటికీలో ఆ కాలేజీకి అర్జెంటు ట్రంక్ కాల్ బుక్ చేశాడు. ఫలానా మనిషే మాట్లాడాలని చెప్పే కాల్ అది. ప్రాస్పెక్టస్‌లో వర్క్‌షాపు సూపరింటెండెంటుగా అచ్చయిన పేరు ఇచ్చాడు. రిజిస్టర్డ్ పోస్టు కౌంటరు మూసేందుకు ఇంకా నలభై నిమిషాలుంది. నేను కళ్లు మూసుకుని ప్రార్థించాను. ఆయన లైనులోకి రావాలి, వచ్చి ఏ అబద్ధం చెప్పినా సరే నమ్ముతాను అని దేవుడికే బేరం పెట్టాను.

అరగంటకు కాల్ కలిసింది. ఆపరేటరు అవతలివాళ్లతో ఏదో మాట్లాడి మావైపు తిరిగింది.

"ఆయన ఇంకా చేరలేదటండీ. వర్క్‌షాపు కట్టాక వస్తారట."

గుమాస్తా ముద్ర చేత్తో పట్టుకుని, టైమైపోతోంది, పంపమంటారా వద్దా అని విసుక్కున్నాడు. ఎప్పుడూ నా తరఫున జవాబు చెప్పే నాన్న, ఆ రోజు నా ముఖంలోకి చూస్తూ నిలబడిపోయాడు.

"వద్దండి," అన్నాను.