కెమెరా ఎత్తు కందిపప్పు

ఆ ఏడాది ఉగాది నాటికి వెంకటేశ్వర్లు గారి పట్టికలో పందొమ్మిది కెమెరాలు చేరాయి. ఒక్కో కెమెరాకి ముప్ఫై నాలుగు గళ్లు. ఇంట్లోకి మాత్రం ఒక్క కెమెరా రాలేదు.

ఆయన ఒక పరిశోధన సంస్థలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. అక్కడ ఏ నిర్ణయమైనా పట్టికలోంచే పుట్టేది కాబట్టి తార్నాకలోని ఆ ఇంట్లోనూ అదే పద్ధతి. ఫ్రిజ్ కోసం పట్టిక మార్చిలో మొదలైతే ఫ్రిజ్ వినాయక చవితికి వచ్చింది. మిక్సీ పట్టిక నడిచినన్నాళ్లూ అరుంధతి రోట్లోనే పచ్చడి నూరింది. ఆ పచ్చడి మరీ బాగుందని ఆయన మిక్సీ పట్టికకి ఇంకో రెండు గళ్లు కలిపారు.

కెమెరా కోరిక అరుంధతిది. రోజూ పొద్దున్నే ఆమె యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తుంది. ఆర్ట్స్ కాలేజీ దాటి హాస్టళ్ల వైపు వెళ్లే ఒక రోడ్డుకి రెండు పక్కలా పసుపు తురాయి చెట్లున్నాయి. ఎండాకాలం మొదట్లో ఆ పూలు రాలి, రోడ్డు మీద తారు కనిపించకుండా పరుచుకుంటాయి. ఆరు దాటిన తరవాత ఓ పది నిమిషాలు కొమ్మల కిందనుంచి ఎండ ఏటవాలుగా వాటి మీద పడుతుంది. ఆ తరవాత చీపురు పడుతుంది. పోయిన ఏడాది ఆ పది నిమిషాలనూ ఫోనులో పట్టుకుందామని చూస్తే, ఎవరో రోడ్డు మీద సాంబారు ఒలకబోసినట్టు వచ్చింది.

"నాకో చిన్న కెమెరా కావాలండీ," అని ఆ రోజే అడిగింది. "ఆ రోడ్డూ, క్యాంపస్‌లోని రాళ్లగుట్టలూ తీసుకుంటాను. మామూలు రోజుల్లో మన ముగ్గూ, పిట్టగోడ మీద పిల్లీ, ఏది కనిపిస్తే అది."

"చూద్దాం," అన్నారాయన.

ఆయన చూస్తూ ఉండగానే పూలు అయిపోయాయి, వానలు కురిసి వెళ్లాయి, చలి వచ్చి పోయింది. మళ్లీ మొగ్గలు కనిపించిన రోజు అరుంధతి నడక నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే చెప్పింది.

"ఈసారి పూలు రాలిపోయేలోపు కెమెరా నా చేతికి రావాలి. రాకపోతే ఇంక నాకొద్దు."

గొంతు పెంచకుండా చెప్పింది. ఆమె గొంతు పెంచని రోజునే ఆయనకి భయం. సాయంత్రానికల్లా పందొమ్మిది కాస్తా మూడుకి దిగాయి.

"ఇది మొదటి ర్యాంకు," అని ఆయన లాప్‌టాప్ ఆమె వైపు తిప్పారు. "సెన్సర్ పెద్దది. ల్యాండ్‌స్కేప్‌కి సెన్సర్ ఎంత పెద్దదైతే అంత మంచిది. వానలో తడిసినా ఏం కాదు."

"వానలో నేను తడిస్తే పడిశం పడుతుంది. బరువెంత?"

"ఇరవై రెండో గడి. లెన్సుతో కలిపి వెయ్యీ నూట ఇరవై గ్రాములు. రెండోది ఎనిమిదివందల ముప్ఫై. మూడోది నాలుగువందల తొంభై. మూడోదాన్లో సెన్సర్ చిన్నది, దాన్ని ఊరికే పోలిక కోసం ఉంచాను."

"కిలో పైన! అది మెడలో వేసుకుని నేను నడవాలా?"

"అర కిలో తేడాకి ఏమవుతుంది అరుంధతీ? కూరగాయల సంచి మోస్తున్నావుగా!"

కూరగాయల సంచి సంగతి ఆయనకి ఎలా తెలుసో ఆమె అడగలేదు. వంటింట్లోకి వెళ్లి, పిండివంటలకి వాడే చిన్న కాటా దించింది. కందిపప్పు డబ్బా తెరిచింది. పాత జాకెట్టు గుడ్డలతో మూడు సంచులు కుట్టింది. కెమెరాల పొడవూ వెడల్పూ మందమూ ఎలాగూ పట్టికలో ఉన్నాయి గనక సంచుల్నీ ఆ కొలతలకే కుట్టి, ఒక్కోదానికీ ఒక గుండీ పెట్టింది. మొదటిదాన్లో వెయ్యీ నూట ఇరవై, రెండోదాన్లో ఎనిమిదివందల ముప్ఫై, మూడోదాన్లో నాలుగువందల తొంభై గ్రాముల కందిపప్పు తూచి పోసింది. పాత నీళ్లసీసాల పట్టీలు తీసి వాటికి తగిలించింది. ఒక్కొక్కటీ నాలుగేసి రోజులు మెడలో వేసుకుని నడవాలి. నడక మొదట్లో, మధ్యలో, చివర్లో సంచిని రెండు చేతులా కంటిదాకా ఎత్తి పది లెక్కపెట్టాలి. చెయ్యి వణక్కపోతే వంటింటి క్యాలెండర్‌లో టిక్కు, వణికితే సున్నా.

మొదటి రోజు ఆర్ట్స్ కాలేజీ ముందు స్వరూప ఎదురైంది. ఆమె ఒక సర్కారు బడిలో లెక్కల టీచరు, కరీంనగర్ వైపు మనిషి. తనకి తెలిసిన సంగతిని మధ్యాహ్నం దాకా దాచుకోవడం ఆమె వల్ల కాదు.

"ఏందక్కా, మెడల గా సంచేంది?"

కెమెరా సంగతి బయటపడితే, అక్కడ బెంచీల మీద కూర్చునే రిటైర్డ్ ఉద్యోగులంతా తలా ఒక సలహా ఇస్తారు. ఇంట్లో ఉన్న ఒక పట్టికే చాలు.

"కందిపప్పు," అంది అరుంధతి. అబద్ధం కాదు కదా.

"పప్పా! ఇంట్ల పెట్టెతందుకు జాగ లేదా?"

"పరీక్ష చేస్తున్నాను. పన్నెండు రోజులు మోసి చూడాలి."

"మోస్తె ఏమైతది?"

"అదే చూడాలి."

ఇంతలో మధ్య పరీక్ష సమయం అయింది. అరుంధతి తూర్పుకి తిరిగి, సంచిని కంటిదాకా ఎత్తి, పెదాలు కదుపుతూ పది లెక్కపెట్టింది. స్వరూప నోరు మూసుకుని చూసింది. అది ఆమెకి అలవాటు లేని పని.

మూడో రోజుకి స్వరూప మెడలో పెసరపప్పు సంచి ఉంది. అయిదో రోజుకి మరో నలుగురు వచ్చారు. కందిపప్పు మెడనొప్పికీ, పెసరపప్పు మోకాళ్లకీ, శనగపప్పు షుగరుకీ పనిచేస్తుందని ఎవరో తేల్చారు. సూర్యుడికి చూపించి కళ్లకి అద్దుకుంటే శుక్లాలు రావని ఇంకెవరో చెప్పారు.

"ఇది వైద్యం కాదమ్మా," అని అరుంధతి రెండుసార్లు చెప్పింది.

"గంతె అంటరక్కా తెలిసినోళ్లు," అంది స్వరూప మెచ్చుకోలుగా. "నా మోకాలు సగం తగ్గింది. మా ఆయన గూడ చూసిండు, మెట్లు గబగబ ఎక్కుతున్న!"

పరీక్ష మాత్రం ఖచ్చితంగా సాగింది. మొదటి సంచికి రెండో రోజే సున్నాలు మొదలయ్యాయి. మూడో రోజు మెడ మీద పట్టీ గీరుకుపోయింది. నాలుగో రోజు మబ్బు పట్టిందన్న వంకతో అరుంధతి సంచిని సోఫాలో వదిలేసి వెళ్లింది. తీరా చూస్తే ఆ రోజే మొదటి పూలు రాలాయి. ఇంటికొచ్చి క్యాలెండర్‌లో ఆ గడిలో 'తీసుకెళ్లలేదు' అని రాసి, కింద రెండు గీతలు గీసింది. రెండో సంచిలో టిక్కులూ సున్నాలూ సగం సగం. మూడోది వేసుకున్న రోజు, నడక అయ్యాక తార్నాక చౌరస్తాలో కొత్తిమీర కొని, పాలు తీసుకుని, ఇంటికొచ్చి ఇడ్లీ తింటుంటే సంచి చట్నీలో మునగబోయింది. మెడలో ఉన్న సంగతే ఆమె మర్చిపోయింది.

ఆ గడిలో మూడు టిక్కులు పెట్టింది.

అయితే ఈలోగా రోడ్డు పసుపుపచ్చబడి, పూలు పలచబడటం కూడా మొదలైంది. ఆ రోడ్డు ఊడ్చే సమ్మక్కని అరుంధతి అడిగింది. "ఇంకా ఎన్నాళ్లుంటాయి?"

"రెండు మూడు రోజులమ్మా. ఎండ ముదిరితె మాడిపోతయ్," అంది సమ్మక్క చీపురు ఆపకుండా. "మీకు పూలు. నాకు చెత్త. దినాం నాలుగు బండ్లు ఎత్తుతున్న."

ఆ మధ్యాహ్నమే పక్కింటి శశిభూషణ్ గారు వెంకటేశ్వర్లు గారికి చెయ్యి కలిపి మరీ అభినందనలు చెప్పారు. తన భార్య వారం నుంచి అరుంధతిగారి పప్పు వైద్యం చేస్తోందిట, బీపీ దిగిందిట. సైన్సులో జీవితం గడిపిన మనిషికి ఇది భరించరాని మాట. మర్నాడు పొద్దున, పెళ్లయ్యాక మొదటిసారి, ఆయన అరుంధతితో పాటు నడకకి బయల్దేరారు.

ఆర్ట్స్ కాలేజీ ముందు పదకొండు మంది ఆడవాళ్లు వరుసగా నిలబడి, మెడలోని సంచుల్ని కళ్లదాకా ఎత్తి, సూర్యుడి వైపు తిరిగి పది లెక్కపెడుతున్నారు.

"ఆపండమ్మా!" అన్నారు వెంకటేశ్వర్లు గారు. "దీనికి ఆధారం ఏమిటి? ఎంతమంది మీద పరీక్షించారు?"

"పదకొండు మంది, సారూ," అంది స్వరూప. "మీతోని పన్నెండు. ఒక్క రౌండ్ ఏసి చూడుండ్రి, తర్వాత మాట్లాడుండ్రి."

అరుంధతి చేతిసంచిలోంచి మొదటి సంచి తీసి ఆయన మెడలో వేసింది. అది ఎందుకు వెంట తెచ్చిందో ఆయన అడగలేదు. అంతమంది ముందు తియ్యలేక నడిచారు. మొదట మెడలో ఉంది. తరవాత భుజం మీదకి మారింది. తరవాత కుడిచేతిలోకి, ఎడమచేతిలోకి. హాస్టళ్ల దగ్గర బెంచీ కనిపించగానే బూటు లేసు కట్టుకోవాలని కూర్చున్నారు. లేచి, హాయిగా చేతులూపుకుంటూ వంద గజాలు నడిచారు.

"సంచేదండీ?" అంది అరుంధతి.

ఆయన మెడ తడుముకున్నారు.

"మీ మొదటి ర్యాంకు కెమెరా బెంచీ మీద వదిలేశారు," అంది ఆమె.

"కెమెరా ఏమిటి?"

"వెయ్యీ నూట ఇరవై గ్రాములు. ఇరవై రెండో గడి."

ఆయన నిలబడిపోయారు. వెనక్కి చూశారు. బెంచీ దగ్గర ఒక కుక్క పప్పు సంచి పట్టీని నోట కరిచి, రెండు అడుగులు లాగి, బరువుకి విసుగొచ్చి వదిలేసి వెళ్లిపోయింది.

"దానిక్కూడా అక్కర్లేదు," అంది అరుంధతి.

ఇంటి గేటు దగ్గర ఆయన, "నీ పరీక్ష వివరాలు రాసిపెట్టావా?" అని అడిగారు. ఆమె వంటింటి క్యాలెండర్ చూపించింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి గడీ చదివారు. 'తీసుకెళ్లలేదు' దగ్గర ఆగారు. లాప్‌టాప్ తెరిచి, తన పట్టికలోంచి మొదటి ర్యాంకు తీసేశారు.

సాయంత్రం కోఠీలో ప్రేమ్ కుమార్ కెమెరా దుకాణానికి వెళ్లారు. మూడో కెమెరా అడిగేసరికి ప్రేమ్ కుమార్ పెదవి విరిచాడు.

"మేడమ్, ఇంకొంచెం పెద్దది చూపిస్తా. ఇది సన్నగున్నది, చూసెటోళ్లు చిన్న కెమెరా అనుకుంటరు."

"చూసేవాళ్లు మోస్తారా?" అంది అరుంధతి. కెమెరా మెడలో వేసుకుని, పాలప్యాకెట్టు పట్టుకున్నట్టు ఎడమచెయ్యి చాపి, ఒక్క కుడిచేత్తోనే ఆన్ చేసి చూసింది. దుకాణంలో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా మూడుసార్లు నడిచింది. కంటిదాకా ఎత్తి పది లెక్కపెట్టింది. "ఇచ్చెయ్యండి," అంది.

ఇంటికి రాగానే బ్యాటరీ చార్జింగులో పెట్టింది. వెంకటేశ్వర్లు గారు లాప్‌టాప్ తెరిచారు.

"ఇప్పుడేమిటండీ?"

"బ్యాగు కొనాలి కదా. లోపల మెత్త ఎంతుండాలి, నీళ్లు దిగకుండా జిప్పు ఎలా ఉండాలి... అంతవరకూ బయటికి తియ్యకు. దుమ్ము పడుతుంది. బియ్యం డబ్బాలో పెడితే తేమ కూడా..."

అరుంధతి మూడో సంచిలోని కందిపప్పు డబ్బాలోకి వంపింది. సంచి దులిపి, తిరగేసి, మళ్లీ దులిపింది. లోపల పాత బొంత ముక్క పలచగా వేసి కుట్టింది. కెమెరా దాన్లోకి జారి సరిగ్గా కూర్చుంది. గుండీ పెట్టింది. ఆయన కొత్త పట్టికకి పేరు పెట్టారు గానీ, అందులో రాయడానికి ఏమీ మిగల్లేదు.

మర్నాడు ఆరుకల్లా ఇద్దరూ ఆ రోడ్డు మీద ఉన్నారు. రాత్రి గాలికి మిగిలిన పూలన్నీ ఒక్కసారే రాలినట్టున్నాయి. కొమ్మలు బోసిగా, రోడ్డు నిండుగా ఉంది. రేపటికి ఇంక రాలడానికేం లేదు. సమ్మక్క అప్పటికే చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"సమ్మక్కా, పది నిమిషాలు ఆగుతావా?"

"సూపర్‌వైజర్ వస్తున్నడమ్మా. నిలబడితె ఊకోడు." ఆమె రోడ్డునీ అరుంధతి ముఖాన్నీ మార్చి మార్చి చూసింది. "సరె, గాడికెల్లి మొదలువెడ్త. నేను గీడికి వచ్చెటాల్లకు కానియ్యి."

రోడ్డు ఆ చివరికి వెళ్లి ఊడవడం మొదలుపెట్టింది. ఇటు వెనకనుంచి పదకొండు పప్పు సంచులూ వచ్చి చేరాయి. అరుంధతి మెడలోని సంచి గుండీ విప్పింది. పదకొండు మందీ తమ సంచులు ఎత్తడానికి సిద్ధపడ్డారు.

ఆమె సంచిలోంచి కెమెరా తీసింది.

"అక్కా!" అంది స్వరూప. "పప్పేదీ?"

"ఉండమ్మా, ఎండ వస్తోంది."

ఎండ కొమ్మల కిందికి దిగింది. దూరంగా సమ్మక్క చీపురికి లేచిన దుమ్ములో ఆ వెలుతురు చారలు చారలుగా నిలబడింది. ఆమె వెనక రోడ్డు నల్లగా, ముందు రోడ్డు పసుపుపచ్చగా. అరుంధతి ఏడాదిగా ఊహించుకున్న ఫోటోలో రోడ్డు మీద మనుషులెవరూ లేరు. ఇప్పుడు పక్కకి జరగమని సమ్మక్కని పిలవబోయి, పిలవలేదు. చెయ్యి వణకలేదు. నొక్కింది.

"మాన్యువల్ మోడ్‌లో పెట్టావా?" అన్నారు వెంకటేశ్వర్లు గారు.

"లేదు."

"మరి..." అని ఆయన తెర మీదకి వంగి చూశారు.

ఊడ్చుకుంటూ ఈ చివరికి వచ్చిన సమ్మక్క కూడా చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని మళ్లీ చూసింది. "నా చెత్త గింత మంచిగున్నదా!" అని, మిగిలిన పసుపునంతా బండిలోకి ఎత్తేసింది.

అప్పుడు అరుంధతి ఆడవాళ్ల వైపు తిరిగి, కెమెరా సంగతీ కాటా సంగతీ మొత్తం చెప్పింది. "ముందే చెప్పాల్సింది. మీరంతా అనవసరంగా మోశారు," అంది నొచ్చుకుంటూ.

స్వరూప కెమెరాని చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఎంతుంటదక్కా గిది?"

"నాలుగువందల తొంభై."

"నాది ఏడువందల పెసరపప్పు." కెమెరా తిరిగి ఇచ్చేసి, తన సంచి పట్టీ మెడలో సరిచేసుకుంది. "గింత చిన్నదానికి మోకాలు తగ్గదక్కా. నువ్వు ఫోటోలు తీస్కో. మా పరీక్ష ఇంక అయిదు దినాలున్నది."

పదకొండు మందీ తూర్పుకి తిరిగి సంచులు ఎత్తారు. అరుంధతి రెండో ఫోటో తీసింది.