అమ్మానాయినల దుఆ

సాధన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డీటీపీ షాపులో టైపు చేస్తుంది. శుభలేఖలు, కోచింగ్ సెంటర్ల నోట్సు, కిరాయి అగ్రిమెంట్లు. వేసవి మొదట్లో మీర్ కాజిం అలీ అనే పెద్దాయన నాలుగు నోటుపుస్తకాలు పట్టుకుని వచ్చాడు. సూర్యాపేట బడిలో ముప్పై ఏళ్లు ఉర్దూ చెప్పి, ఇప్పుడు కొత్తపేటలో కూతురి దగ్గర ఉంటున్నాడు.

"ఇమామ్ సజ్జాద్ చేసిన దుఆలు బేటీ, ప్రార్థనలు. ప్రవక్తకు మునిమనవడాయన. మా మనవలు అరబ్బీల చదువుతరు గని అర్థం తెల్వదు. అందుకే తెలుగుల రాసిన," అన్నాడు.

రోజూ మధ్యాహ్నం వచ్చి, పక్కన కుర్చీ వేసుకుని తప్పులు దిద్దేవాడు. ఇమామ్ అన్నీ ప్రార్థనలుగానే ఎందుకు చెప్పాడని సాధన ఒకరోజు అడిగింది.

"కర్బలా యుద్ధంల నాయినను, అన్నదమ్ములను చంపిన్రు. ఈయన జ్వరంతోటి మంచంల ఉండి బతికిండు. తర్వాత నోరు తెరవనీయని రోజులు. మనుషులకు చెప్పలేంది దేవునికి చెప్పుకున్నడు."

మూడో నోటుపుస్తకంలో అమ్మానాయినల దుఆ వచ్చింది. ఆరోజు కాజిం సాబ్ రాలేదు. సాధన టైపు చేస్తూ ఒకచోట ఆగిపోయింది. తల్లిదండ్రులు తన పట్ల ఏదైనా తప్పు చేసి ఉంటే తాను దాన్ని వదిలేశానని, దానికి వాళ్లను శిక్షించవద్దని కొడుకు దేవుణ్ణి అడుగుతున్నాడు.

సాధన తండ్రి ఇశ్రాయేలు. ఆమె ఇంటర్ పరీక్షల ముందు, తాగొచ్చి, పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టాడు. ఆమె ఇల్లు వదిలి ఆరేళ్లయింది. పది రోజుల కింద తల్లి ఎలీశమ్మ ఫోన్ చేసి, నాయినకు పక్షవాతం వచ్చిందని, ఒక్కసారి రమ్మని ఏడ్చింది. పని ఎక్కువుందని ఫోన్ పెట్టేసింది సాధన.

ఆ దుఆ పూర్తిచేసింది. ప్రింటు తీసుకుని, ఎల్బీ నగర్‌లో, అమ్మానాయినలుండే అబ్దుల్లాపూర్‌మెట్ బస్సెక్కింది.

ఇశ్రాయేలుకు స్పృహ లేదు. "నిన్నటిదాంక వాకిలి దిక్కే చూసిండు బిడ్డా. పొద్దుగాల కండ్లు మూసిండు, ఇగ తెరుస్తలేడు," అంది ఎలీశమ్మ.

సాధన మంచం పక్కన కూర్చుని కాగితం తీసింది. "అమ్మా, చదివితే నాయిన ఇంటడా?"

"ఏమో బిడ్డా. నువ్వైతే చదువు."

చదివింది. మళ్లీ చదివింది. ఆయన చేతిని పట్టుకుంది గానీ ఆ చెయ్యి ఆమెను పట్టుకోలేదు. మర్నాడు పొద్దున ప్రాణం పోయింది.

పది రోజుల తర్వాత షాపుకు వస్తే కాజిం సాబ్ అప్పటికే కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా చెప్పింది.

"నేను మాఫ్ చేసిన సంగతి ఆయనకు తెల్వకనే పోయిండు సాబ్."

ఆయన కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఇమామ్ గూడ నాయిన పోయినంక ముప్పై ఏండ్లకు పైనే బతికిండు బేటీ. ఈ దుఆ ఎప్పుడు చేసిండో నాకు తెల్వదు. అన్నేండ్లు చదివినప్పుడల్లా ఇనాల్సిన నాయినైతే లేకుండె."

"దుఆ చేస్తే ఆయన దుఃఖం తగ్గిందా?"

కాజిం సాబ్ అబద్ధం చెప్పలేదు. "లేదు. నాయినను నీళ్లియ్యక దూపతోటి చంపిన్రు కదా. ఆఖరు దాంక, నీళ్లు కనబడితే ఏడ్చేటోడంట."

అంత్యక్రియల నాడు కూడా రాని ఏడుపు సాధనకు అప్పుడు వచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. షాపులోకి రాబోయిన ఒకతన్ని చేత్తోనే తర్వాత రమ్మన్నాడు.

చాలాసేపటికి ఆమె ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. ఆయన నోటుపుస్తకం తిప్పి చూసి, మళ్లీ మూశాడు.

"తర్వాతది తండ్రి తన పిల్లల కోసం చేసిన దుఆ. ఇయ్యాల ఒద్దులే బేటీ."

"చదవండి సాబ్. టైపు చేస్త."

ఆయన బడిలో పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చదివాడు. ఆమె రెండుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా ఆయనా ఆగాడు. పని అయ్యేసరికి సాయంత్రమైంది. సాధన కంప్యూటర్ ఆపి బస్టాపుకు నడిచింది. ఊళ్లో అమ్మ ఒక్కతే ఉంది.