మైనస్ రెండు

మైనస్ రెండట, జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది ఆ హెడ్‌మిస్ట్రెస్, కాగితం టీచరమ్మ వైపు తిప్పి, గోరుతో ఆ అంకె మీద టక్కుమని కొట్టి, పంతొమ్మిదేళ్ల సర్వీసు మేడమ్ మీది, ఇలా వస్తుందనుకోలేదు అని, నిరుడు నా ఐదో తరగతి పిల్లలకి సగటున ఎనభై ఒకటి వచ్చాయి, పక్క సెక్షన్ మాస్టారి పిల్లలకి అరవై మూడేగా అంటే, మార్కులు కాదండీ, ఎదుగుదల చూస్తారు, మొదటి పరీక్షని బట్టి చివరికి ఎంత రావాలో కంప్యూటర్ అంచనా వేస్తుంది, మీ వాళ్లకి ఎనభై మూడు రావాలి, రెండు తగ్గింది, ఆ తేడా మీది, మాస్టారికి ప్లస్ తొమ్మిది, ఈ ఏడాదీ ఇంతే అయితే మీ క్లాసు ఆయనకిచ్చి మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెట్టాలి మరి, అని నవ్వింది కూడా, నవ్వడానికి నోరెలా వచ్చిందో.

ఏమోయ్, పాలు కాగాయి, దించనా, వంటింట్లోంచి మొగుడు, దించడానికి కూడా కంప్యూటర్ని అడగాలా, ఎర్రపెన్ను మూత పళ్లతో లాగింది, ఇవాళ కొత్త పిల్లలు రాసిన మొదటి పరీక్ష కాగితాలు బల్ల నిండా, తల్లి మంచాన పడితే వంట చేసి బడికొచ్చేది నిరుడు ఆ పిట్టజడల పిల్ల, తొంభై రావాలట, యాభై ఆరొచ్చింది, ఆ తల్లికి రోగం కూడా నేనే అంటించానా, పైగా ఆ మాస్టారు, నిన్న టీ గ్లాసు ఊదుకుంటూ, అక్కా, మొదటి పరీక్షకి నువ్వు పెన్సిళ్లు చెక్కిచ్చి, ప్రశ్నలు రెండేసిసార్లు చదివి, భయపడకండర్రా అని బుజ్జగిస్తావు, మొదటి రోజే మేడెక్కిస్తే ఇంకెక్కడికి ఎక్కుతారు, నేను ఆటల పీరియడ్ అవగానే చెమటలతోనే కూర్చోబెట్టి కానివ్వండి కానివ్వండి అంటా, ముందు గొయ్యి తవ్వుకుంటే తర్వాత నేల మీద నిలబడ్డా ఎదిగినట్టేగా, సిగ్గులేని మనిషి, గొయ్యిలో దింపింది పిల్లల్నిరా, అని లోపలే తిట్టుకుని టీ తాగేసి వచ్చింది.

ఏడెనిమిదులు యాభై నాలుగట, తప్పు, భాగహారం తప్పు, మూడోది ముట్టుకోనే లేదు, పెన్ను చకచకా సాగుతోంది, మెడ నరాలు పట్టు వదిలాయి, పొద్దుటి నుంచీ వేధిస్తున్న తలనొప్పి కూడా తగ్గింది, వందకి పద్దెనిమిది, హమ్మయ్య అనుకుంది, పెన్ను ఆగిపోయింది, ఎవరిదీ కాగితం, మూడో బెంచీ పిల్లది, మొన విరిగిన పెన్సిల్ పట్టుకుని చెయ్యెత్తింది ఇవాళ, టీచర్ టీచర్ అంది, తను వినబడనట్టు కిటికీ వైపు తిరిగింది, ఆ మాస్టారూ కాదు, ఆ హెడ్‌మిస్ట్రెసూ కాదు, కిటికీ వైపు తిరిగింది తనే, హమ్మయ్య అన్నదీ తనే, ఒక పిల్లకి లెక్క రాలేదని, పంతొమ్మిదేళ్లలో మొదటిసారి.