బోరు దావతులో ఎర్ర షర్బత్తు

సుంకమ్మ చెప్పిందని వెనకింటి ఓబమ్మ చెప్పిన మాట ఏమిటంటే, నాగలక్ష్మమ్మ ఇంటి దావతుకు బెంగుళూరు నుంచి గంపలకొద్దీ పండ్లు దిగినాయని, వాటి పేరు చెప్పడానికి ఊళ్లో ఎవరికీ నోరు తిరగదని, ఇంత ఎండల్లోనూ వాటిని మంచులో పొదిగి తెచ్చినారని. ఓబమ్మ ఈ సంగతిని పెరటి గోడ మీదుగా నాగలక్ష్మమ్మకే చెప్పింది. ఎవరింటి వార్తను వాళ్లకే మోసుకొచ్చి, మొహంలో ఏం కదులుతుందో చూడడం ఆమెకు అలవాటు. నాగలక్ష్మమ్మ అవుననలేదు, కాదనలేదు. "మా తమ్ముడు బెంగుళూర్లోనే కదక్కా ఉండేది" అని మాత్రం అంది. అందులో అబద్ధమేమీ లేదు. తమ్ముడు ఉండేది అక్కడే.

పండ్లు మాత్రం ఊరి బయట గొర్లదొడ్డి కంచెలోవి. నాగజెముడు పండ్లు. గొర్ల కాపరులూ బడి ఎగ్గొట్టిన పిల్లలూ తప్ప వాటిని ఎవరూ ముట్టరు.

దావతు బోరు కోసం. ఎనభై నాలుగు ఎండాకాలంలో మడకశిర పక్క పల్లెల్లో బోరులో నీళ్లు పడడం కంటే పెద్ద శుభకార్యం లేదు. అయితే ఆ నీళ్లతోపాటు ఇంటికి ఒక ఒట్టు కూడా వచ్చింది.

నాగలక్ష్మమ్మ పెనిమిటి రామాంజులు. అతని అన్న ఈశ్వరప్ప, పక్క గోడ అవతలి ఇంట్లో ఉంటాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేలో తిరిగి, అది నిలువుగా లేచిన చోట నీళ్లున్నాయని చెప్పే మనిషి. తమ్ముడి చేలో ఆయన టెంకాయ పడమటి గట్టు మీద లేచింది. నాగలక్ష్మమ్మ తూర్పు మూల చూపించింది. అక్కడ గరిక ఎండదని ఆమె లెక్క. రామాంజులు అన్నకూ పెండ్లానికీ మధ్య కొన్నాళ్లు నలిగి, రోజూ ఎవరి చేతి సంగటి తినాలో వాళ్ల మాటే విన్నాడు. బోరు లారీ వచ్చిన నాడు ఈశ్వరప్ప ఊరందరి ముందర నిలబడి, "ఈడ నీళ్లు పడేది లేదు. పడినా ఆ నీళ్లు ఒక్క గుక్క తాగితే నేను మా నాయనకు పుట్టినోణ్ణే కాదు" అన్నాడు. పొద్దు వాలేలోపల తెల్లటి రాతిపొడి వెనకాలే నీళ్లు మనిషెత్తు ఎగిరినాయి.

ఆ రోజు నుంచి ఈశ్వరప్ప పెండ్లాం రామక్క, పారుతున్న బోరును దాటుకొని మైలు దూరంలోని దిగుడుబావికి పోయి నీళ్లు తెస్తోంది. ఆ బోరు నీళ్లతో సంగటి కెలికినా మొగుడు తినడు మరి. పైపు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఖాళీ కడవను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకొని, తల తిప్పుకొని పోయేది. చేలో నిలబడి అది చూసిన ప్రతిసారీ నాగలక్ష్మమ్మ చేతిలోని పని ఆపేసేది. తన మూడు కాన్పులకూ వేన్నీళ్లు కాచి పోసిన మనిషి ఆమె. ఎట్లాగైనా బావ చేత ఆ నీళ్లు తాగిస్తే ఒట్టు తీరిపోతుంది, అక్క కడవ ఇక్కడే నిండుతుంది.

నీళ్లు తాగనన్న మనిషి తిరునాళ్లకు పోతే మాత్రం రంగు షర్బత్తు అంగడి ముందు నుంచి కదలడు. తన తమ్ముడి కొడుకు పెండ్లిలో బెంగుళూరులో చూసిన షర్బత్తు నాగలక్ష్మమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. పసిబిడ్డకు స్నానం చేయించేంత గాజుపాత్ర, అందులో ఎర్రటి షర్బత్తు, పైన తేలే పండ్ల ముక్కలు, పక్కన గరిటె. చక్కెర జబ్బు ఉన్న పెద్దమనుషులు కూడా మూడోసారి గ్లాసు చాపినారు.

గాజుపాత్ర లేదు, గంగాళం ఉంది. ఆ పండ్లు లేవు, కంచె ఉంది. పట్టకారుతో పండ్లు తెంపి, వేడి బూడిదలో దొర్లించి నూగుముండ్లు కాల్చి, పాత పంచెలో వేసి పిండితే రసం చిక్కగా, పెండ్లి చీర రంగులో దిగింది. అందులో బోరు నీళ్లు, నిమ్మరసం, రేషను చక్కెర, అది చాలక బెల్లం, సుగంధిపాలు, నానిన సబ్జాలు, పైన చీనీకాయ తొనలు. మంచుగడ్డను ఊకలో పొదిగి, గోనెసంచిలో కట్టి, హిందూపురం నుంచి రామాంజులు బస్సు టాపు మీద తెచ్చినాడు. దారంతా అది కారుతుంటే కిటికీల పక్కన కూర్చున్నవాళ్లు వాన మొదలైందని చేతులు బయటికి చాపినారట. ఊరు చేరేసరికి టెంకాయంత మిగిలింది. అదే వేసినారు.

దావతుకు ఊరంతా వచ్చింది, ఈశ్వరప్ప తప్ప. అయితే ఆయన మంచం మాత్రం ఆ పొద్దు గోడ పక్కకు జరిగింది. నాగలక్ష్మమ్మ పెద్ద చెంబు నిండా షర్బత్తు పోసి, గోడ మీద పెట్టి, తట్ట మూత వేసి, కాకులతో అన్నట్టు, "తాగేవాళ్లు తాగనీ, లేకుంటే ఉండనీ" అని లోపలికి వచ్చేసింది. మళ్లీ పోయి చూస్తే చెంబు ఖాళీ. అవతల నుంచి ఈశ్వరప్ప, పిల్లి ఒంపేసిందని అడగకుండానే చెప్పినాడు. సున్నం కొట్టిన గోడ మీద ఒక్క ఎర్ర చుక్క లేదు. నాగలక్ష్మమ్మ ఖాళీ చెంబు తీసుకొని వచ్చేసింది. తాగినానన్న మాట ఆయన నోటితోనే రావాలి, అప్పుడే ఒట్టు తీరేది.

మరుసటి పొద్దున ఓబమ్మ మళ్లీ పెరటి గోడ దగ్గరికి వచ్చింది. ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చెప్పింది. మొగవాళ్లంతా కంపౌండరు పాపన్న అరుగు మీద ఉన్నారంట, ఒంటేలు ఎర్రగా పోతాందంట, నెత్తురేమోనని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారంట. ఆడవాళ్లు చూసుకున్నా ఎవరూ చెప్పలేదు.

నాగలక్ష్మమ్మకు సంగతి వెంటనే అర్థమైంది. చిన్నప్పుడు ఒడినిండా ఆ పండ్లు తిన్న మరునాడు తనను చూసి అమ్మ ఏడ్చింది. మనసులో నవ్వొచ్చింది, వెనకాలే చిక్కూ కనిపించింది. నిజం చెబితే బెంగుళూరు పండ్ల గొప్ప గంగలో కలుస్తుంది. చెప్పకుంటే ఊరికి విషం పెట్టిందన్న పేరు మిగులుతుంది. కొంగు దోపుకొని నడిచింది.

అరుగు మీద పాపన్న సూదులు ఉడకబెడుతున్నాడు. మొదటిది తనకేనని పక్కకు తీసి పెట్టుకున్నాడు. ముందురోజు ఆయన నాలుగు గ్లాసులు తాగినాడు.

"భయపడొద్దండప్పా" అంది నాగలక్ష్మమ్మ. "నెత్తురు కాదు, పండు రంగు. రేపటికి పోతాది."

"బెంగుళూరు పండ్లు అట్లుంటాయా?" అని ఎవరో అడిగినారు.

ఆమె కొంగును ఇంకోసారి దోపుకుంది. "బెంగుళూరువి కాదు. మన గొర్లదొడ్డి కంచెలోవే."

కొందరు తాగిన గ్లాసులు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. తరువాత ఒక మూల నుంచి నవ్వు మొదలై అందరినీ చుట్టేసింది. దావతు పెట్టి నాగజెముడు తాపిందని తిట్టినవాళ్లే, ఇంకా మిగిలిందా అని కూడా అడిగినారు. పాపన్న తనకని తీసిన సూదిని మళ్లీ పెట్టెలో పెట్టేసినాడు. స్టవ్వు ఆర్పబోయి, అరుగు చివర తలగుడ్డ ఒళ్లో పెట్టుకొని కూర్చున్న ఈశ్వరప్పను చూసి ఆగిపోయినాడు.

"తాగినోళ్లందరూ పొండి, మీకేం లేదు" అన్నాడు పాపన్న. "నువ్వు మాత్రం ఉండన్నా. నువ్వు తాగల్యా కదా. అంటే నీది నిజంగా నెత్తురే. ఈ సూది చాలదు, పెద్దది తీస్తా. అది నడుములో ఎయ్యాల."

పోతున్నవాళ్లంతా వెనక్కి తిరిగి నిలబడినారు. పాపన్న పెట్టెలో వెదికి, పశువులకు వేసేదంత సూది ఒకటి తీసి వెలుతురుకు పెట్టి చూసినాడు. నాగలక్ష్మమ్మ పక్కకు జరిగి పాపన్నకు దారి ఇచ్చింది. ఈశ్వరప్ప సూదిని చూసినాడు, మరదలిని చూసినాడు, మళ్లీ సూదిని చూసినాడు.

"పిల్లి అంతా ఒంపల్యా" అన్నాడు. "కొంచెం మిగిలింటే తాగినా."

"ఎంత మిగిలింది బావా?"

"చెంబెడు."

నవ్వులు ఆగేదాకా ఈశ్వరప్ప తలగుడ్డ మడతలు సర్దుకున్నాడు. తరువాత లేచి, టెంకాయ పట్టుకొని చేలో నిలబడినంత ఠీవిగా నిలబడినాడు.

"నేను తాగింది షర్బత్తు. నీళ్లు తాగల్యా. నా ఒట్టు నా ఒట్టే, దాని కాడికి ఎవురూ రావొద్దు."

రామాంజులు, అదీ నిజమేనని అనబోయి, పెండ్లాం మొహం చూసి మింగేసినాడు. నాగలక్ష్మమ్మకు ఏడుపొచ్చినంత పనైంది. ముండ్లు, బూడిద, చక్కెర, పరువు, అన్నీ పోసినా ఆ మనిషి ఒట్టు తడవలేదు.

అప్పుడే దిగుడుబావి దారి నుంచి రామక్క వచ్చింది. చంకలో నిండు కడవ, రవిక సగం తడిసిపోయి ఉంది. అరుగు కింద నిలబడి ఆమె చివరి మాటలన్నీ విన్నది. కడవను దించి, మొగుడి కాళ్ల ముందర పెట్టింది. చుట్టకుదురు తీసి దాని మీద పడేసింది.

"ఒట్టు పెట్టుకునింది నువ్వు. ఈ పొద్దు నుంచి నీళ్లూ నువ్వే మోసుకొని రా."