లోపలి గడియ

వీధిలో అందరికీ ఆమె అక్కే. పేరుకు తాపీమేస్త్రి గానీ, ఆమె చేతిలో తాపీ ఏనాడూ తాపీగా ఉండదు. అలాంటి మనిషికి సొంత ఇంటి స్నానాలగది చుక్కలు చూపించింది.

తమ్ముడికి కండరాలు కరిగిపోయే జబ్బు. చక్రాల కుర్చీ ఎక్కినప్పటి నుంచి అక్క అతన్ని దొరగారూ అని పిలుస్తోంది. మీసాలొచ్చిన మనిషి, అక్క చేత వీపు రుద్దించుకోవడం అతనికి తల కొట్టేసినట్టుంది. ఒక్కసారైనా లోపల గడియ వేసుకుని తన స్నానం తాను చేయాలని కోరిక.

"ఏం, లోపల బంగారం దాచుకుంటావా?" అంది అక్క.

"సిగ్గు దాచుకుంటాను."

ఆ మాట ఆమెకు గుండెల్లో గుచ్చుకుంది. మర్నాడే పాత గచ్చు పగలగొట్టింది. కుర్చీకి అడ్డం రాకుండా గుమ్మం దగ్గరి గట్టు తీసేసింది. గట్టు లేకపోతే నీళ్లు ఇంట్లోకి రాకుండా ఆపేది నేల వాటం ఒక్కటే. అందుకే నాలుగు వైపుల నుంచీ తూము మీది జాలీ వైపు వాలేలా గచ్చు పోసింది. ఆ తర్వాత తమ్ముణ్ణి చెయ్యి చాపమని, వేళ్లు అందినచోట కుళాయి కోసం గోడ మీద పెన్సిల్ గీత గీసింది. గడియ కోసం తలుపు మీద ఇంకో గీత.

గచ్చు ఆరాలి. నీళ్లు దిగకుండా మందు పూయాలి, అదీ ఆరాలి. తూములో గుడ్డ కుక్కి, నీళ్లు నిలబెట్టి చూడాలి. జబ్బుకు ఈ తిప్పలేవీ లేవు. అది తన పని తాను చేసుకుపోయింది.

గోడకు టైల్స్ అతికించేముందు అక్క మరోసారి చెయ్యి చాపమంది. వేళ్లు గీతకు జానెడు కిందే ఆగిపోయాయి. ఆమె కొత్త గీత గీసి, కుళాయి గొట్టం దింపింది, తలుపు మీది గడియ గీతనూ దింపింది. కొన్నాళ్లకు మళ్లీ దింపాల్సి వచ్చింది. పిల్లలు ఎదుగుతుంటే గోడల మీద గీతలు పైకి పాకుతాయి. ఇక్కడ కిందికి దిగుతున్నాయి.

"ఇంకొంచెం దింపితే కుళాయి జాలీలోనే బిగించొచ్చు," అన్నాడు దొర.

అక్క నవ్వబోయి, తాపీ కడిగే వంకతో బయటికి వెళ్లి ఏడ్చింది.

చివరికి నేల మీద జారని గరుకు టైల్స్ పరిచి, సందులు నింపి, అన్నీ ఆరాక చెంబెడు నీళ్లు ఒలకబోసింది. ఎక్కడా చుక్క నిలవలేదు. ఇంత చక్కటి వాటం ఆమెకు ఎవరింట్లోనూ కుదరలేదు.

కుర్చీ సాఫీగా లోపలికి దొర్లింది. అక్క బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి నిలబడింది. ఎంతసేపు చూసినా గడియ చప్పుడు వినిపించలేదు.

"అక్కా."

ఆమె తలుపు తోసింది. అతని చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"లేవడం లేదు," అన్నాడు.

"రేపు గడియ ఇంకాస్త దింపుతాలే."

"వద్దు. పని బాగా కుదిరింది, ఇంక ముట్టుకోకు." తలుపు వైపు చూశాడు. "గడియ వెయ్యి."

ఆమె బయటికి అడుగు వేసింది.

"అటు నుంచి కాదక్కా. లోపలి నుంచి."

ఆమె గడియ వేసి, కుళాయి తిప్పి, సబ్బు చేతిలోకి తీసుకుంది. తమ్ముడు కళ్లు మూసుకున్నాడు. నీళ్లు ఎక్కడా ఆగకుండా జాలీలోకి పోతున్నాయి.