బేబి కూర్చున్న చోటు

కొండపిల్లల్ని కింద పట్నంలో ప్రైవేటు ఇంగ్లీషు బడుల్లో చదివిస్తారనీ, ఫీజూ హాస్టలు ఖర్చూ ప్రభుత్వమే కడుతుందనీ గాసి మొదట గుమ్మలక్ష్మీపురం సంతలో విన్నాడు. తొంభై ఎనిమిది నాటి మాట ఇది. పేర్లు ఎక్కువొస్తే చీటీలు తీస్తారట. ఆ రోజు తెచ్చిన చింతపండు ఎంతకో కొంతకి అమ్మేసి, త్వరగా కొండెక్కి వచ్చి భార్య సోములమ్మకి చెప్పాడు.

వాళ్ల పెద్దకూతురు బేబి అప్పటికి గూడెంలోని ఒంటిగది బడిలో రెండో తరగతి చదువుతోంది. పక్క గూడేనికి చెందిన భీమన్న అనే కుర్రాడు అక్కడ పాఠాలు చెప్పేవాడు. అతను పదో తరగతి పాసయ్యాడు. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో, ఒకే నల్లబల్ల ముందు కూర్చునేవారు. వానపడితే గది కారేది. అయినా బేబి బస్సుల మీద పేర్లు చదవగలిగేది.

సోములమ్మకి పిల్లని అంత దూరం పంపడం ఇష్టం లేదు. కానీ భర్త ముఖం చూసి కాదనలేకపోయింది. తనకి చదువు చెప్పించేవాళ్లు లేక జీవితమంతా పోడుకీ సంతకీ మధ్యే గడిచిపోయిందని గాసికి లోపల ఎంత బాధో ఆమెకి తెలుసు. చీటీల్లో బేబి పేరు వచ్చింది. జీపులో కూర్చుని వెళ్లిపోతున్న కూతురు ఏడవలేదు. ఏడ్చింది సోములమ్మే.

ఏడాది తిరిగాక సోములమ్మ తన అక్కని కంటి ఆపరేషనుకి ఆ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అక్కని మంచం మీద పడుకోబెట్టి, కూతుర్ని చూద్దామని బడికి వెళ్లింది. బడివాళ్లకి ముందుగా చెప్పకుండా వెళ్లడం అదే మొదటిసారి. రెండంతస్తుల మేడ, కిటికీల్లోంచి పాఠాలు వల్లెవేస్తున్న గొంతులు. ఆయాని అడిగితే మేడ వెనక్కి చూపించింది. అక్కడ వంటగది పక్కన రేకుల షెడ్డు కింద కొండపిల్లలందరూ, చిన్నా పెద్దా తేడా లేకుండా, పట్టాల మీద కూర్చుని ఉన్నారు. చెప్పేవాళ్లెవరూ లేరు. బేబి తల్లిని చూసి పరుగెత్తుకొచ్చింది.

"నీ బెంచీ ఏదే?" అంది సోములమ్మ.

"నాకు బెంచీ లేదమ్మా. మాము ఇక్కడే కూకుంటాం."

సోములమ్మ తిన్నగా బడి నడిపే కరస్పాండెంటు వెంకటరమణ గదికి వెళ్లింది. ఆయన కోప్పడలేదు. కుర్చీ చూపించి, కూర్చోమని, ఉన్నమాట చెప్పాడు. ఈ పిల్లల తాలూకు సొమ్ము ప్రభుత్వం నుంచి ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుందనీ, ఫీజు కట్టే తల్లిదండ్రులు తమ పిల్లల పక్కన వీళ్లని కూర్చోబెడితే ఒప్పుకోవడం లేదనీ, అయినా అన్నానికీ పడకకీ ఏ లోటూ చెయ్యలేదనీ అన్నాడు. అన్నం మాట నిజమే. బేబి కాస్త ఒళ్లు చేసింది కూడా.

"డబ్బుల మాట మీరూ సర్కారోలూ సూసుకోండి బాబూ," అంది సోములమ్మ. "ఆ గదుల్లో సెప్పే సదువూ, ఆ రేకుల కింద సెప్పే సదువూ ఒకటేనా? అది సెప్పండి."

ఆయన మళ్లీ సొమ్ము ఆలస్యం మాటే ఎత్తాడు. సోములమ్మ లేచి బయటికొచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని, మూడో తరగతి ఎక్కడని ఆయానే అడిగి, ఆ గది గుమ్మంలో నిలబడింది. ఏం చెయ్యాలో ముందే అనుకుని వచ్చింది కాదు. లోపల ఉమామహేశ్వరి అనే టీచరు లెక్కలు చెబుతోంది. వెనకే వచ్చిన కరస్పాండెంటు ఏదో అనబోతే టీచరే, "క్లాసు మధ్యలో ఉంది సార్, తర్వాత మాట్లాడుకుందాం" అని, రెండో బెంచీలో పిల్లల్ని సర్దుకోమని, బేబిని కూర్చోబెట్టింది.

తర్వాతి సంతలో సోములమ్మ ఈ సంగతి మిగతా పిల్లల అమ్మానాన్నలకి చెప్పింది. అందరూ కలిసి ఒక జీపు మాట్లాడుకుని పట్నం బడి దగ్గర దిగారు. షెడ్డు ఖాళీ అయింది. పిల్లలు గదుల్లోకి వెళ్లారు.

అది వేసవిదాకానే. సెలవులివ్వగానే ఆ బడి ఇకమీదట ప్రభుత్వం పంపే పిల్లలు వద్దనుకుని అందరికీ టీసీలిచ్చేసింది. పథకానికి పేర్లు తీసుకున్న ఆఫీసులో అడిగితే, ఈ ఏడాదికి వేరే బళ్లలో ఖాళీల్లేవన్నారు. గాసి చాలా రోజులు భార్యతో ముభావంగా ఉన్నాడు. షెడ్డో గదో, పిల్లలు అక్కడే ఉండేవారు కదా అని ఇద్దరు ముగ్గురు తల్లులు మొహమ్మీదే అన్నారు. భీమన్న మాత్రం ఏమీ అడగకుండా బేబిని మళ్లీ తన గదిలో కూర్చోబెట్టుకున్నాడు. ఆ తర్వాత బేబి కొండపిల్లల కోసం ప్రభుత్వం నడిపే ఆశ్రమ పాఠశాలకి వెళ్లింది.

ఐదేళ్లు గడిచాయి. చిన్నకూతురు గంగకి బడి ఈడు వచ్చింది. అదే పథకం కింద మళ్లీ పేర్లు తీసుకుంటున్నారని కబురొచ్చింది. సెలవులకి వచ్చిన బేబి, తల్లీ అరుగు మీద చింతపిక్కలు తీస్తున్నారు. ఇన్నేళ్లూ అడగలేని మాట సోములమ్మ అప్పుడు అడిగింది.

"ఆ దినం నాను తప్పు సేసినానేటే?"

బేబి చేతిలో ఉన్న పిక్క తీసి పక్కన పడేసింది. "ఆ గదిలో నాకు ఒక్క ముక్క అర్దం కాలేదమ్మా. షెడ్డులో ఉన్నన్నాళ్లూ మాకెవులూ సెప్పలేదు గదా. టీచరు నన్ను అడిగేత్తాదేమోనని రోజూ బయమే."

"అయితే తప్పే."

"కాదు. ఆవిడ సాయంత్రాలు కూకోబెట్టి మళ్లీ సెప్పేది. అప్పుడు కొంచెం కొంచెం తెలిసొచ్చేది. ఆళ్లు ఇంకొక్క ఏడాది ఉంచుంటే బాగుణ్ణు." ఆగి, మళ్లీ అంది: "గంగ పేరు ఇద్దాం. కానీ ముందు బడి సూసొద్దాం."

గాసికి ఇది విడ్డూరంగా తోచింది. ఊరికే వస్తున్నదాన్ని పరీక్షించడమేమిటన్నాడు. ఊరికే కాదనీ, పోయేది గంగ చదువనీ సోములమ్మ అంది. చివరికి ముగ్గురూ వెళ్లారు. ఈసారి పథకం పట్టికలో ఉన్నది వేరే బడి. హెడ్మాస్టరు కంప్యూటర్ల గది చూపించాడు, బస్సు చూపించాడు. అన్నీ చూశాక బేబి నెమ్మదిగా, ఇదివరకు తీసుకున్న కొండపిల్లలు ఎక్కడ కూర్చుంటారో చూడొచ్చా అని అడిగింది. ఆయన ఆమె వంక ఒకసారి చూసి, తనే ముందు నడిచాడు. నాలుగో తరగతిలో కురుపాం కొండల వైపు పిల్ల ఒకతె అందరి మధ్యా కూర్చుని, తప్పు పోయిన లెక్క చెరిపి మళ్లీ చేస్తోంది. గాసి ఆ కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

గంగ పేరు ఇచ్చారు. చీటీల్లో రాలేదు.

ఆ కబురు వచ్చిన రాత్రి గాసి అన్నం సరిగా తినలేదు. తెల్లారాక సోములమ్మ గంగని తీసుకుని భీమన్న బడికి వెళ్లింది. పిల్లని లోపలికి పంపి వెనక్కి తిరగకుండా, అక్కడే తడిక పక్కన నిలబడింది.

"ఏటి వదినా, ఏటైనా పనా?" అన్నాడు భీమన్న.

"పనేటీ లేదు. నువ్వు సెప్పు బాబూ, పిల్లలకి ఏటి సెప్తన్నావో ఇంటన్నాను."

భీమన్న కాస్త తడబడి, సుద్దముక్క తీసుకుని, పాఠం మొదలుపెట్టాడు.