దసరా నాడు కడిగిన కంప్యూటర్

పోయింది పోయినట్టే అనేది గుర్వయ్య మాట. నాలుగో తరగతిలో బడి పోయింది, పోయినట్టే. రెండెకరాల చెలక కాలువ కింద పోయింది, పోయినట్టే. ఏడాదిన్నర కింద భార్య సోమమ్మ పోయింది. మందలో ఒక్క గొర్రె తక్కువైనా ఆ పూట ముద్ద ముట్టడు. దొరకదని ముందే తెలిసినవాడిలా తిట్టుకుంటూ చెలకలన్నీ తిరుగుతాడు. యాభై దగ్గరపడుతున్నా ఆ మాట ఒక్కనాడూ తప్పు కాలేదని ఆయన నమ్మకం.

ఇప్పుడు పోయినవి ఫోటోలు. పోగొట్టింది తానే.

అవి ఉన్న కంప్యూటర్ పరమేష్ ఇచ్చింది. పరమేష్ సోమమ్మ తమ్ముడు, మహబూబ్‌నగర్‌లో ఫోటో స్టూడియో నడుపుతాడు. కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని మేనకోడలు సుస్మిత చదువుకు పనికొస్తుందని మక్తల్ దగ్గరి ఈ ఊరికి తెచ్చి పెట్టాడు. సుస్మిత తన ఫోన్ నిండినప్పుడల్లా ఫోటోలన్నీ ఆ డబ్బాలోకి ఎక్కించి ఫోన్ ఖాళీ చేసుకునేది. ఆరేళ్ల ఫోటోలు. అన్నీ గొర్రెలు, మబ్బులు, బోనాలు, కాలేజీ పిల్లలు. సోమమ్మది ఒక్కటంటే ఒక్కటే మిగిలింది. గొర్రెపిల్లను భుజాల మీద వేసుకుని, పళ్లన్నీ కనబడేట్టు నవ్వుతూ ఉంటుంది. అది కాక ఆమె ముఖం ఇంకెక్కడైనా ఉందంటే ఆధార్ కార్డు మీదే. ఆ కార్డు చూస్తే కన్నతల్లి కూడా "ఎవరీమె, ఏం దొంగతనం చేసింది?" అని అడుగుతుంది.

ఏడాది సూతకం తీరాక వచ్చిన మొదటి దసరా అది. ప్రతి ఏడూ ఉన్ని కత్తిరించే కత్తెర, గొడ్డలి, పార కడిగి బొట్లు పెట్టేది సోమమ్మ. కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి దానికీ పెట్టేది. గుర్వయ్య మందను తోలుకుని ఇల్లు చేరేసరికి అన్నీ వరుసగా మెరుస్తూ ఉండేవి. కంప్యూటర్‌ను మాత్రం ఆమె పొడిగుడ్డతో తుడిచి, వేలి కొసతో బొట్టు పెట్టి ఊరుకునేదని ఆయనకు ఎవరు చెప్పాలి? పనిముట్టు అన్నాక కడగాలి. సుస్మిత పొయ్యి దగ్గర గారెల పనిలో ఉండగా, గుర్వయ్య ఆ డబ్బాను వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి రెండు చెంబుల నీళ్లు నిండుగా పోశాడు. పసుపు రాశాడు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లూ దాని నెత్తినే పోశాడు. సోమమ్మ ఉంటే ఇంతకన్నా బాగా చేసేది కాదనుకుని దండం పెట్టుకున్నాడు.

మక్తల్‌లో ఒక రిపేరు దుకాణానికి తీసుకుపోతే రెండు రోజులు ఆరబెట్టి, లోపల ఏదో మార్చి, "ఫార్మాట్ కొట్టినం, కొత్తదాని లెక్క నడుస్తది" అని ఇచ్చారు. నిజమే, కొత్తదాని లెక్కే ఉంది. లోపల ఏమీ లేదు. సుస్మిత తెర వంక ఒకసారి చూసి, తీగ పీకి, డబ్బాను మూలకు నెట్టి గోనెపట్టా కప్పింది. ఆనాటి నుంచి తండ్రితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది. కంచం చప్పుడే మాట.

పదకొండో రోజు పొద్దున గుర్వయ్య మందను పక్కింటి బీరన్నకు అప్పజెప్పి గడపలో కూర్చున్నాడు. ఫోన్ చేసి పిలిపించుకున్న పరమేష్, సంచిలో ల్యాప్‌టాప్ వేసుకుని దిగాడు.

"ఏం బావా! అందరు గొర్లకు తానం పోస్తరు. నువ్వు కంప్యూటర్‌కు పోసినవట?"

"ఊరంత అంటనే ఉన్నది. నువ్వొక్కనివి తక్కువున్నవు."

"ఉన్ని గిట్ల ఏమన్న కత్తిరించినవా దానికి?"

"నీ నెత్తి మీదిది కత్తిరిస్త. ముందు పని చూడు."

పరమేష్ నవ్వుతూనే డబ్బా మరలు విప్పి, లోపలి నుంచి చిన్న ఇటుకంత డిస్కును బయటికి తీశాడు. ఫోటోలుండేది అందులోనే అన్నాడు. దాన్ని తీగతో తన ల్యాప్‌టాప్‌కు తగిలించి మేనకోడలి వైపు తిరిగాడు.

"బిడ్డా, వాపస్ వచ్చినంక దీంట్ల ఏమన్న ఎక్కించినవా? సినిమాలు, పాటలు?"

"ముట్టుకోలే మామా."

"పదకొండు దినాలు ముట్టుకోలేదా? ఎందుకు?"

సుస్మిత తండ్రి వైపు చూసింది.

"కోపమా? సల్లగుండు తల్లీ, గా కోపమే బతికిచ్చింది." పరమేష్ బావ వైపు తిరిగాడు. "జర ఇను బావా. తీసెయ్యి అంటే ఇది ఏదీ తీసెయ్యదు. ఏ ఫోటో ఏడున్నదో రాసుకున్న చీటి ఉంటది, గా చీటి చింపుతది, గంతే. ఫోటో ఉన్న జాగలనే ఉంటది. దాని మీద ఇంకోటి వచ్చి కూసుంటేనే పాతది చెరిగిపోయేది."

"అయితే పోలేదంటవా?"

"పోలేదని అంటలేను. చూద్దామంటున్న."

చదువుకున్నవాళ్లు చూద్దాం అన్న ప్రతిసారీ ఏమైందో గుర్వయ్యకు బాగా గుర్తుంది. బీడీ వెలిగించి గోడకు ఒరిగాడు.

తెర మీద ఒక పచ్చని గీత నత్తలా పాకింది. కాసేపటికి చిన్న చిన్న బొమ్మలు పడటం మొదలైంది. ఒకటి, నాలుగు, పది. పేర్లు లేవు, తేదీలు లేవు, అన్నిటికీ అంకెలే. గుర్వయ్య బీడీ వేళ్ల మధ్యనే ఆరిపోయింది.

"ఏది ఏ ఏటిదో ఇగ దేవునికే ఎరుక," అన్నాడు పరమేష్.

"దేవుడెందుకు? అది బొల్లిమొకంది. దాని ఎనక ఉన్నది దాని రెండో ఈత పిల్ల. కరోనా ఏడు." గుర్వయ్య తెర దగ్గరికి జరిగాడు. "గీ పొట్టేలు చెవి ఇంక చిరగలే. అంటే దానికి ముందటేడు. గిది ఉన్ని తీసిన వారానికి."

పరమేష్ తెర వదిలి బావ వంక చూశాడు. పది మిషన్లు చెప్పలేనిది ఈ మనిషి గొర్రె మూతి చూసి చెబుతున్నాడు. అంతదాకా ఎదుటి గోడకు ఆనుకుని నిలబడ్డ సుస్మిత రెండడుగులు ముందుకొచ్చింది.

మధ్యాహ్నం దాటాక ఒక బొమ్మ వచ్చింది. పైన ఆకాశం, విరిగిన కొమ్మతో తుమ్మచెట్టు, రెండు గొర్రెపిల్ల చెవులు, ఒక పాపిడి. కనుబొమల కింది నుంచి బూడిదరంగు. ఇంకేమీ లేదు.

"గిదే," అన్నాడు గుర్వయ్య. "వాగు ఒడ్డు తుమ్మ. గాలిదుమారానికి కొమ్మ విరిగిన ఏడు."

"దీని మీద కొత్తది కూసున్నది బావా. దుకాణపోళ్లు విండోస్ ఎక్కిచ్చిన్రు గద." పరమేష్ గొంతు తగ్గింది. అక్క పాపిడి వంక చూస్తూ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

వెతికింది ఆ ఒక్కదాని కోసమే. గుర్వయ్య లేచి నిలబడ్డాడు. "చెప్పలేదా? పోయింది పోయి..."

మాట నోట్లోనే ఆగింది. తెర మీద ఒక అరచెయ్యి. కెమెరాకు అడ్డం పెట్టిన చెయ్యి, వేళ్ల సందుల్లో ముక్కుపుల్ల. దాని పక్కన ఇంకొకటి: గొంగడి ఉతుకుతూ విసుగ్గా తల తిప్పిన సోమమ్మ. ఇంకొకటి: నోటి నిండా జొన్నరొట్టె. ఇంకొకటి: కొంగు ముఖం మీదికి లాక్కుంటూ, నవ్వాపుకోలేక. వస్తూనే ఉన్నాయి. మేత దగ్గర, బాయి దగ్గర, ఈనుతున్న గొర్రె పక్కన మోకాళ్ల మీద. అన్నీ నిండుగా, ఎక్కడా చెదరకుండా.

గుర్వయ్య ఎన్నడూ చూడని ఫోటోలవి. ఏ గుడిలోనూ అలా నిలబడిపోలేదు ఆ మనిషి.

"గివి ఏడికెళ్లి వచ్చినయి?"

"గివి నేను తీసేసిన నాయినా."

పదకొండు రోజుల తర్వాత బిడ్డ గొంతు. గుర్వయ్య తల తిప్పలేదు, తిప్పితే ఆగిపోతుందేమోనని.

"ఫోన్లకెళ్లి దీంట్ల ఎక్కిచ్చినప్పుడల్లా అమ్మ పక్కన కూసునేది. నా మొకం ఏం బాగున్నది, తీసెయ్యి, గొర్ల ఫోటోలకు జాగ ఉండనియ్యి అనేది. తీసేసిందాక లెవ్వకపోయేది. గా నవ్వింది ఒక్కటి నేను దాసిపెట్టిన."

దాచిపెట్టింది పోయింది. పారేసినవన్నీ వచ్చాయి. గుర్వయ్యకు ఇందులో న్యాయం ఏమిటో అర్థం కాలేదు. జీవితంలో మొదటిసారి, అర్థం కాకపోయినా కోపం రాలేదు.

ఆయన చూపుడువేలు గాలిలో ఆడిస్తూ, సాయంత్రం దొడ్డి దగ్గర మందను లెక్కపెట్టినట్టు ఇరవైల లెక్కన లెక్కపెట్టాడు. మూడు ఇరవైల మీద ఏడు.

"ఏది ఫ్రేము కట్టాలె బావా?" అడిగాడు పరమేష్.

"గది. చెయ్యి అడ్డం పెట్టింది."

"మొకం కనిపిస్తలేదు గదా!"

"తీసెయ్యి అంటాంది చూడు. గదే మీ అక్క. కడమయన్నీ రెండు మూడు జాగాలల్ల పెట్టు. మంద మొత్తం ఒక్క దొడ్లె పెడితే తోడేలుకే పండుగ."

"గిది దసరకు ముందు తెలిస్తే బాగుండు," అంది సుస్మిత. అని నవ్వింది. వాళ్లమ్మలాగే, కొంగు లేదు గనక చెయ్యి అడ్డం పెట్టుకుని.

పొద్దు వాలింది. వాకిట్లో గిట్టల చప్పుడు, దుమ్ము, బీరన్న కేక.

"ఓ గుర్వన్నా! మంద వచ్చింది! ఒకటి తక్కువున్నట్టు కొడుతాంది, వచ్చి చూసుకో!"

సుస్మిత గడప వైపు చూసింది. తండ్రి చేతికర్ర తీసుకుని, తిట్లతో బయటపడతాడని ఆమెకు తెలుసు. పరమేష్ కూడా కాళ్లు పక్కకు తీశాడు, దారి ఇవ్వడానికి.

గుర్వయ్య కదల్లేదు. తెర మీద సోమమ్మ రొట్టె నములుతోంది.

"ఏడికి పోతది బీరన్నా," అన్నాడు కళ్లు తిప్పకుండానే. "ఆడనే ఏడనో ఉంటది. వస్త, ఆగు."